పదకొండో నిమిషం దగ్గర

జెనోవాలో, తొంభై నాలుగు శీతాకాలం.
చేపల సందులో ఒక నేలమాళిగ,
గోడల నిండా ఉప్పు పొక్కులు.
ఎర్సీలియా అప్పు చేసి కొన్న మెలోట్రాన్
ఆమె పుట్టిన ఏడాదిది.
ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క,
ఎవరో ఎప్పుడో పాడి వదిలేసిన గొంతు.
ఎనిమిది సెకన్లే.
ఆ తర్వాత ఎంత నొక్కినా పలకదు.

"ఇరవై నిమిషాల పాట
ఈ రోజుల్లో ఎవరు వింటారే?"
రేవులో క్రేను దిగొచ్చిన ఫుల్వియో
గ్రీజు చేతులతోనే డ్రమ్ముల ముందు కూలబడ్డాడు.
ఎవరూ జవాబు చెప్పలేదు.
బాస్ మొదలైంది,
నల్లనీళ్ళలోకి లంగరు జారినట్టు.

పదకొండో నిమిషం దగ్గర
నెత్తిమీద దబ్, దబ్, దబ్.
పై వాటాలో సిన్యోరా బెనెడెట్టా,
ఆవిడ చీపురు కర్ర.
మళ్ళీ వాయించడానికి టేపు లేదు, డబ్బూ లేదు.
అలాగే ఉంచేశారు.

మూడు వందల నల్లట్టల రికార్డులు.
విన్నవాళ్ళు ఆ చప్పుడుని
శవపేటికకి దిగిన మేకులన్నారు,
మృత్యువు తలుపు తట్టిందన్నారు.
వీళ్ళూ కాదనలేదు.

ఆవిడ పోయి ఆరేళ్ళు.
ఇప్పటికీ ఆ రికార్డు పెట్టినప్పుడల్లా
పదో నిమిషం దాటుతుండగానే
ఎర్సీలియా చెయ్యి
వాల్యూం మీదకి పోతుంది,
తగ్గించడానికి.