కొమ్ముకు సెగ చూపించాలి

నా మాంత్రికుడికి మొదట ఏడు తలలు పెట్టాను.
నాలుగో అధ్యాయానికొచ్చేసరికి
ఏ తల ఏ మాట అన్నదో నాకే గుర్తులేదు.

పర్లాకిమిడిలో వాన. మహేంద్రతనయ
ఎర్రగా పొంగి వంతెన కాళ్లు నాకుతోంది.
కరెంటు పోయింది. అక్క కూతురు దిల్లేశ్వరి,
తొమ్మిదేళ్లది, కాగితాలు పక్కకి నెట్టేసి
"ఈడికి బయమేటి పిన్నీ,
ఏడు ముక్కులూ ఒకేసారి జలుబు సేస్తే
ఏటి సేస్తాడో పాపం" అంది.

మర్నాడు దండపాణి మహారణా కొట్టుకి వెళ్లాను.
దున్నకొమ్ముతో కొంగలు చేస్తాడాయన.
ఇంట్లో ఒడియా, అరుగు మీద తెలుగు,
కోపమొస్తే రెండూ.
"ఒక దుర్మార్గుడు కావాలి" అన్నాను.
"ఎంత పొడుగు?" అన్నాడు, ఆకురాయి ఆపకుండా.

నా కథ విన్నాడు. విన్నాడో లేదో తెలీదు.
కొమ్ముకి నూనె రాసి నిప్పుల మీద పట్టుకున్నాడు.
కొట్టంతా జుట్టు కాలిన వాసన.
"దీన్ని కొడితే విరుగుతాది, వంగదు.
సెగ చూపించాలి. మెత్తబడాలి.
అప్పుడు నువ్వేటి వంకర తిప్పితే ఆ వంకర.
సల్లారిందా, మరి జన్మలో తిన్నబడదు."
కాసేపాగి, చేతిలోదాన్ని తిప్పి చూసి,
"ఈ దున్న ఎవుల్నీ పొడవలేదమ్మా.
పన్నెండేళ్లు నాగలి లాగింది" అన్నాడు.

ఎనభై రూపాయలిచ్చి ఒక కొంగ కొనుక్కుని
తడుస్తూ ఇంటికొచ్చాను.
ఆరు తలలు కొట్టేశాను. సిరా చాలానే అయింది.

మిగిలిన తల ఖాళీగా నన్ను చూస్తోంది.
వీడికి సెగ ఎక్కడ తగిలింది?
రాజ్యం పోయిందని రాశాను. కొట్టేశాను.
శాపమని రాశాను. శాపాలు ఊరికే దొరుకుతాయి.
అర్ధరాత్రి దాటాక, అడక్కుండానే
మా బడి హాజరుపట్టీ గుర్తొచ్చింది.

గవరమ్మ. మా నాయనమ్మ పేరు, నాకు పెట్టారు.
ఒడియా బడిలో వకారం బకారమైపోతుంది,
అకారానికి నోరు గుండ్రమవుతుంది.
మాస్టారు పిలిచాడు: "గొబొరొమ్మా!"
గొబొరొ అంటే పేడ.
నలభై మంది నవ్వారు.
నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా.
ఆ నవ్వు ఇంకా ఎక్కడో
చల్లారకుండా ఉందని నాకు తెలీదు.

దాన్ని తీసి వాడికిచ్చాను.
ఇవ్వగానే వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇప్పుడు వాడు మహేంద్రగిరి కనుమ దగ్గర
ఒక పెద్ద పుస్తకం ముందు ఉంటాడు.
కోరలు లేవు. ఇస్త్రీ చొక్కా.
చెప్పులు బయట విడిచి వస్తాడు.
దారి తప్పినవాళ్లకి మంచినీళ్లిస్తాడు,
"భోంచేశారా?" అంటాడు. నిజంగానే అడుగుతాడు.
తర్వాత, చాలా మర్యాదగా, పేరు అడుగుతాడు.
ఒక్క అక్షరం తప్పు రాస్తాడు.
రాసింది ఆరేలోపు
వచ్చినవాడు ఆ తప్పు అయిపోతాడు.

కనుమ కింద ఇప్పటికే ఒక మంద మేస్తోంది.
కొన్ని పిలిస్తే తలెత్తుతాయి.

సాయంత్రం దిల్లేశ్వరికి చదివాను.
ఈసారి జలుబు ఊసెత్తలేదు.
కొంగ ముక్కు మీద వేలు రాస్తూ కూర్చుంది.
దీపం తగ్గించబోతే "ఉండనీ" అంది.
చాలాసేపటికి, నిద్రపోయిందనుకున్నాక,
"పిన్నీ, ఆడు మంచినీళ్లిచ్చాక
పేరు సెప్పకపోతే తప్పా?"

నా దగ్గర జవాబు లేదు.
ఐదో అధ్యాయం అక్కడే ఆగింది.

పొద్దున లేచి చూస్తే
దాని లెక్కల పుస్తకం అట్ట మీద
పేరు ఉండాల్సిన చోట
తడివేలితో రుద్దిన నీలం మరక.