గీత మందం

నవంబరు. బడి భోజనశాలలో పిల్లల కుర్చీలు.
మోకాళ్లు గడ్డాలకి తగిలేలా ముడుచుకుని కూచున్నారు
డెబ్బై ఏళ్ల రైతులు.
కిటికీలోంచి పొగ వాసన.
గడ్డ తవ్వేముందు ఎవరో తుంగాకు తగలబెడుతున్నారు.
లోకంలో చాలాచోట్ల దీన్ని కలుపని పీకి
గట్టున పారేస్తారట.
వలెన్సియా ఊరి ఉత్తరపు పొలిమేరలో
ఇదే మా పంట. దీని పాలే మా ఎండాకాలం.

గోడకి పటం అంటించింది నేనే.
పురపాలక సంఘంలో నా ఉద్యోగం రంగులెయ్యడం.
పసుపైతే కట్టుకోవచ్చు.
ఆకుపచ్చైతే కూడదు.
రెంటికీ మధ్య పెన్సిలు గీత.

మొదట లేచింది బతీస్తె, తూములెత్తే మనిషి.
"ఈ నీలం గీతేంటి, ముక్కలు ముక్కలుగా ఉంది?"
వాడుకలో లేని కాలవండీ, అన్నాను.
"నిన్న పొద్దున అందులోనే చేతులు కడుక్కున్నా."
నవ్వులు.
నీలం పెన్ను తీసి ముక్కలన్నీ కలిపాను.
చెవులు వేడెక్కాయి.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.
తోనెత్ లేచి తన అప్పు చెప్పాడు, అంకెతో సహా.
"పొలాన్ని కాపాడతారు, సరే. మరి నన్నో?
నిరుడు ఉల్లి ఎంతకి పోయిందో
మీ పచ్చరంగుకి తెలుసా?"
బల్లకింద ఎవరిదో ఊగుతున్న కాలు ఆగిపోయింది.
నా దగ్గర జవాబు లేదు. రంగులున్నాయి.

వంటగది గుమ్మంలోంచి రెమేయ్ అంది,
తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ,
"రోజూ రెండొందల పళ్లేలు నింపుతాను.
ఉల్లి లారీలో వస్తుంది. ఏ దేశందో చీటీ చూస్తే గాని తెలీదు.
గిన్నెలు తోముతూ తలెత్తితే నీ ఉల్లి కనిపిస్తుంది, తోనెత్.
కొనే కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలో చెప్పండి."

ఎవరు పెట్టాలో తేల్చడానికే గంట పట్టింది.
పటంలో ఎక్కడా లేని గీత అది.

పదకొండు దాటాక
అసుంప్తా కళ్లజోడు నుదుటికి తోసి
ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వెళ్లింది.
"గీత కింద పడ్డ నేల ఎటువైపుది?"
గీతకి మందం ఉండదమ్మా.
"నీ పెన్సిలుకి ఉంది."

స్కేలు పెట్టి చూశాను. ఒక మిల్లీమీటరు.
మా పటంలో మిల్లీమీటరంటే
నేలమీద ఐదు మీటర్లు.
ఐదు మీటర్లంటే, ఆమె వేళ్లు మడిచింది,
ఎనిమిది సాళ్లు.
బండి తోవ నుంచి తూము దాకా ఎనిమిది సాళ్లు.
మూడు నెలలు అటకమీద
రోజూ చేత్తో తిరగేసి ఆరబెట్టే గడ్డలు.
నేను చెక్కుకోని పెన్సిలు కింద.

చేతులెత్తించి లెక్కపెట్టాం.
ఉత్తరాన రెండు మళ్లు పసుపులోకి పోయాయి.
బడికి ఉల్లి, ఒక్క ఏడాది, చూద్దామన్నారు.
తోనెత్ ఏ చెయ్యీ ఎత్తలేదు,
కానీ వెళ్లిపోనూ లేదు.
గీత మందం మాత్రం పొలానికే అని
అందరూ ఒక్కసారే అన్నారు.

కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి
ఒకటో తరగతి గదిలోకి వెళ్లాను.
కిటికీ గట్టున పిల్లల పెన్సిలు మర.
మొన పొడుగ్గా వచ్చేదాకా తిప్పి
మళ్లీ గీశాను, ఈసారి అవతలి అంచు పట్టుకుని.

పటం చుట్టి చంకన పెట్టుకున్నాను.
కాగితానికి కూడా పొగ వాసన పట్టింది.