తాలు కాయ

"క్యాన్సరని కాదమ్మా,
మళ్ళీ ఓసారి దగ్గరగా చూడాలని"
కాగితం మడిచి చేతిలో పెట్టింది నర్సు జెసింతమ్మ.
మూడు రాత్రులు ఆ మడత విప్పలేదు.

ఇవాళ గుంటూరు పెద్దాసుపత్రి బల్ల మీద
దూది, వెనిగర్ వాసన,
భూతద్దం వెనక డాక్టరమ్మ కన్ను.
"కాస్త చురుక్కుమంటుంది."
నవ్వొచ్చింది.
ఇరవై ఏళ్ళు మిర్చియార్డులో తొడిమలు తీసినదాన్ని,
నాకా చెప్పడం, మంట సంగతి!

తెల్లమచ్చ ఒకటి తేలిందట.
గింజంత ముక్క గిల్లి సీసాలో వేశారు.

నేనూ అంతేగా,
రంగు తేడాగా కనబడ్డ కాయని
వెంటనే పారెయ్యను,
వెలుగులోకి తిప్పి చూస్తాను.
ఒక్కోసారి తాలే.
చాలామట్టుకు
ఎండ సరిగా తగలనిది, అంతే.

మంగళవారం రమ్మన్నారు.
సోమవారం లాటుకి ఒప్పుకున్నాను.