డిసెంబరు ముప్పై ఒకటి లోగా

మా కౌటొకేనోలో జూన్ నెలలో చీకటి దొరకదు.
కొందామన్నా దొరకదు.
అర్ధరాత్రి పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు,
గోడ మీద నా నీడ బారెడు.
చీకట్లో బండి నడపడం ఎవరికని నేర్పను?

ఓస్లోలో కూర్చున్నవాళ్ళకీ ఈ సంగతి తెలుసు.
అందుకే లైసెన్సు ముందు చేతిలో పెట్టేస్తారు,
చీకటి పాఠం మాత్రం బాకీ.
డిసెంబరు ముప్పై ఒకటి లోగా తీర్చకపోతే
కార్డు చెల్లదు.
సూర్యుణ్ణి జామీను పెట్టుకున్న చట్టం
ఇంకెక్కడైనా ఉందేమో, నాకు తెలీదు.

ఇస్సాత్‌కి పద్దెనిమిది నిండిన వారానికే
ఆల్తా వెళ్ళి పరీక్ష పాసయ్యాడు.
అద్దాలు ఇంకా ఎక్కువసార్లు చూడాలి, అన్నాడట పరీక్షాధికారి.
రెయిన్‌డీర్ మంద వెనకాల స్నో స్కూటర్ మీద పెరిగినవాడు.
చూడాల్సినదంతా ఎప్పుడూ ముందే ఉండేది వాడికి.

సెప్టెంబరులో ఫోను చేశాను.
"వస్తా గున్‌వోర్, మంద దిగనీ."
మంద దిగింది.
నవంబరు ఆఖరుకి సూర్యుడూ దిగిపోయాడు.
వీడు రాలేదు.

ఇరవై తొమ్మిదో తారీఖున వచ్చాడు,
మైనస్ ముప్పై ఒకటిలో, టోపీ లేకుండా.
కారులో అప్పటికే కవల అక్కచెల్లెళ్ళిద్దరు,
బడిలో వంటచేసే సోల్‌ఫ్రిద్.

నా పని ఏమిటంటే
నల్లకోటు తొడుక్కుని రోడ్డు మీద నిలబడటం.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.
కారు డిప్ లైట్లతో మెల్లగా వస్తుంది.
నేను కనబడ్డ క్షణాన లోపలివాళ్ళు ఆపమని అరవాలి,
దిగి, నా దాకా టేపు పట్టి కొలవాలి.
ఇరవై ఆరు మీటర్లు. మామూలే.
ఎనభై మీద వచ్చే బండి ఆగడానికి
దానికి రెండింతలైనా చాలదు.
ఆ లెక్క ఎవరూ పైకి చెయ్యరు.
సోల్‌ఫ్రిద్ మాత్రం నా కోటు చెయ్యి పట్టుకుని
కాసేపు వదల్లేదు.

ఇరవై రెండేళ్ళుగా, చలికాలానికి నలభై మార్లు
నేనిలా చచ్చిపోతున్నాను.
జీతంలో దానికంటూ వేరే ఏమీ కలపరు.

తర్వాత మోకాలి కింద అగ్గిపెట్టెంత మెరుపు పట్టీ.
ఈసారి నూట నలభై మీటర్ల అవతలే కవలలు అరిచారు.
ఇస్సాత్ అరవలేదు.
దిగి వచ్చి, మంచులో గొంతుక్కూర్చుని,
పట్టీని గోటితో గీకి చూశాడు.
"ఇదెంత?"
"ఊరికే. బ్యాంకువాళ్ళు పంచుతారు."
"ఎన్నిస్తారు?"
"మనిషికొకటి."
"మనుషులకి కాదు," అన్నాడు.

చలికి నా చెవులు పనిచెయ్యడం మానేశాయి.
ఏదో అన్నాడులే అనుకుని సంతకం పెట్టాను.
బాకీ తీరింది,
ఇంకా రెండు రోజులు మిగులు కూడా.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కరాషోక్ నుంచి వస్తున్నాను.
తొంభైలో ఉన్నాను. ఒప్పుకుంటాను,
ఆ రోడ్డు మీద ఎనభై దాటకూడదని
నేనే అందరికీ చెబుతాను.
దూరంగా, రోడ్డు వార,
మెడల ఎత్తులో ఏవో వెలిగాయి.
ఒకటి. మూడు. పదకొండు దాకా లెక్కపెట్టాను.
కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్ళింది.

బండి ఆగాక దిగాను.
అలవాటు ఎక్కడికి పోతుంది, అడుగులు కొలుస్తూ నడిచాను.
మెడపట్టీల మీద కుట్టి ఉన్నాయి, వంకరటింకరగా,
కొన్నింటి మీద బ్యాంకు పేరు తలకిందులు.
అన్ని పట్టీలు ఎవరెవర్ని అడిగి తెచ్చాడో!

డెబ్బై మూడో అడుగు దగ్గర
నా చెయ్యి వెచ్చటి ఒంటికి తగిలింది.
ముసలి ఆడది, విరిగిన కొమ్ము.
రోడ్డు మధ్యలో, నెమరేస్తూ.
పట్టీ లేదు.
అప్పటిదాకా
దాన్ని నేను చూడనే లేదు.