ఆరున్నొక్కటి

మిర్యాలగూడ రైస్ మిల్లుల, కాంటా కాడ
ఎనిమిదేండ్లు నాతోపాటు పనిచేసింది.
పారేస్తమన్నరు.
నా జీతంల పన్నెండు వందలు పట్టుకొని
ఇంటికి తోలిండ్రు.

బటన్ నొక్కి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి
మూడు విజిల్లు ఇన్నంక వచ్చి చూసినా
ఆ తెల్ల గుండ్రం తిరుగుతనే ఉండేది.
మడతబందులు
మర్రిగూడ బోరునీళ్లు తాగిన మోకాళ్లు,
తెరిస్తే మూలుగు, మూస్తే మూలుగు.
బ్యాటరీ ఎప్పుడో పోయింది.
తీగె పీకితే పానం పీకినట్టే.

"దీన్ల ఏం లేదన్నా, ఈఎంఐల కొత్తది తీసుకో"
అన్నడు సాగర్ రోడ్డు సైదులు.
"పానముంది. మోత ఎక్కువైంది" అన్నది నవనీత.
దోస్తు పిల్ల దగ్గర పెన్‌డ్రైవ్ అడుక్కొచ్చింది.
అండ్ల కొత్త సిస్టం ఉందట, పైసలు పెట్టేది లేదట.
పేరు చెప్పింది గానీ
నా చెవుల పుదీన అన్నట్టే వడ్డది.

ముందుగాల ఎన్కమూత ఇప్పింది.
ఫ్యాను రెక్కల సందున
యాసంగి తౌడు మీద వానకాలం తౌడు, పొర మీద పొర.
దోసెడెల్లింది.
మా అమ్మ అండాలు కాగితంల ఎత్తి
కోళ్లకు పోసింది.

"నాయినా, ఏమేం దాచాలె? జాగ కొంచెమే ఉంది."
చిన్నాయిన కొడుకు పెండ్లి ఫోటోలు దాచింది.
దాని టెన్త్ మెమో, వాళ్లమ్మ గ్రూపు పొదుపు లెక్కలు దాచింది.
ఒక షీటు మీద బాణం ఆపి నా మొకం చూసింది.
లారీ నంబరు, రైతు పేరు, బస్తాలు,
చివరి గడిల తరుగు.
ఆ గడి నేను నింపిందే.
తేమ ఎంతున్నా, సేటు ఏళ్లు ఎన్ని చూపితే అన్ని కిలోలు.
"తుడువు" అన్న.

"మొత్తం తుడిచేయాల్నా?"
అదికూడ ఒకపారి అడిగింది, తెలుగులనే.
నవనీత నొక్కింది.

ఒకటి, అన్నది తెర.
"లాభం" అన్నది అమ్మ.
కల్లంల కుంచం కొలిచిన చెయ్యి
తొడ మీద తట్టుకుంట
లాభం, రెండు, మూడు...
"ఏడు, నానమ్మా."
"ఏడుపు మాట నోట్లెకు తేకు. ఆరున్నొక్కటి."

డెబ్బై ఆరున్నొక్కటి కాడ ఆగింది.
బయట మబ్బు. స్తంభం కాడ తీగెలు ఊగుతున్నయి.
ఇప్పుడు కరెంటు పోతే
పాతదీ ఉండదు, కొత్తదీ రాదు.
అమ్మ లెక్క ఇడువలే.
అదే అంకె మీద చెయ్యి పెట్టుకొని కూసున్నది,
కొలిచేటోడు దమ్ము తీసుకుంటుంటే
రాశి కాడ కూసున్నట్టు.
"కుంచం నెత్తి గీసేటప్పుడు" అన్నది ఎటో చూసుకుంట,
"మా అయ్య కండ్లు మూసుకునేటోడు.
చూస్తే చెయ్యి ఎటన్న ఒక దిక్కు ఒరుగుతదట."

కరెంటు పోలే.
నూరయింది.

ఇప్పుడు బియ్యం కడిగే లోపల్నే తెరుసుకుంటది.
ఫ్యాను సప్పుడు లేదు.
కోతలయిన మడి లెక్క ఖాళీగ ఉంది.
నవనీత అందరికీ చూపిచ్చింది,
సైదులుకు ఫోటో తీసి పంపింది.

అందరు పండుకున్నంక
నేనొక్కన్నే తెరిచిన.
అచ్చరాలు ఏడున్నయో దేవులాడుకుంట
ఒక్క ఏలుతోని కొట్టిన:
ఇస్తారి, వేములపల్లి.
అరవై రెండు బస్తాలు.
తరుగు

ఆ గడిల
సన్నటి గీత ఒకటి
ఆరుకుంట, ఎలుగుకుంట
నా దిక్కే చూస్తున్నది.