దారి నిమిషాలు

బార్న్‌స్లీలో ఉదయం ఆరూ నలభై.
తాళంచెవి పెట్టె మీద నాలుగంకెలు తిప్పితే
ఎనిడ్ హాయిల్ గారి తలుపు తెరుచుకుంటుంది.
కోటు తొడుక్కునే పడుకుని ఉంటుంది ఆమె,
గ్యాసు మీటరులో పౌండ్లు అయిపోయి రెండు రోజులు.
నాకు పదిహేను నిమిషాలు.
ఒళ్ళు తుడవాలి, మాత్రలు వేయాలి, గంజిలా ఓట్స్ కాచాలి,
"నువ్వూ కాస్త టీ తాగు" అంటే వద్దనాలి.
తలుపు పక్క బిళ్ళకి ఫోను ఆనిస్తే జీతం మొదలవుతుంది,
మళ్ళీ ఆనిస్తే ఆగిపోతుంది.

అక్కణ్ణుంచి ఎగువకి ఇరవై రెండు నిమిషాలు.
మంచూ వానా కలిసి ముఖాన కొడుతుంటే
ఆ నడిచేది ఎవరు?
కంపెనీ లెక్కలో ఆ దారిన ఎవరూ లేరు.
ఒక గుమ్మంలో మాయమై
ఇంకో గుమ్మంలో పుడతాను,
రోజుకు తొమ్మిదిసార్లు.

క్రెయిగ్ మెసేజి పెట్టాడు:
కాలం బాలేదు, కౌన్సిల్ డబ్బులు తగ్గించింది,
అందరం కాస్త సర్దుకోవాలి.
కాలం బాలేదు, నిజమే. బ్రెడ్డు ధర నాకూ తెలుసు.
పక్క సర్దుతాను, దిండు సర్దుతాను,
మడమ దాకా జారిన మేజోడు సర్దుతాను,
ఎప్పుడో పోయిన భర్త ఫోటోని
ఆమెకు కనపడే వైపుకి రోజూ సర్దుతాను.
సర్దడం నా పనే.
సర్దుకుపోవడం ఏ కాగితంలో ఉందో చూపించమన్నాను.
అనలేదు. అనుకున్నాను.
నా వీసా క్రెయిగ్ సంతకం మీద నిలబడి ఉంది,
ఒంటికాలి మీద.

మా అమ్మ గుంటూరు మిర్చి గోదాముల్లో తొడిమలు తీసేది.
టిక్కీకి ఇంత అని కూలి. చదువు రాదు.
బస్తా నిండినప్పుడల్లా కొంగు అంచున ఒక ముడి.
శనివారం గుమాస్తా "పదకొండు" అనగానే
మాట్లాడకుండా కొంగు చాపేది. పద్నాలుగు ముడులు.
అడుక్కోవడానికి చాపిన కొంగు కాదది.
వాడు ప్రతిసారీ ఇవ్వలేదు, అదీ చెప్పాలి.
ముడులు మాత్రం ప్రతిసారీ వేసింది.

స్వెట్టరుకి కొంగుండదు.
పౌండు షాపులో ఎర్ర అట్ట పుస్తకం కొన్నాను.
ఆరూ యాభై అయిదు నుంచి ఏడూ పదిహేడు, దారి.
బస్సు రాలేదు, ముప్ఫై ఒకటి, దారి.
ప్రాట్ గారు స్నానాల గదిలో పడిపోయారు,
అంబులెన్స్ వచ్చేదాకా చేయి పట్టుకుని కూర్చున్నాను, యాభై.
అది దారీ కాదు. ఏమనాలో తెలీక
'చేయి' అని రాశాను.

ఆదివారం లాండ్రెట్‌లో మా యూనిఫాంలు గిర్రున తిరుగుతుంటే
రుటెండో ఫోన్లో తన లెక్క చూపించింది.
లిస్సీ క్యాలెండరు విప్పింది.
డోనా ఇక్కడే పుట్టింది, వీసా భయం లేదు,
అద్దె బాకీ భయం ఉంది.
ముంజేతి మీద పెన్నుతో రాసుకుని, స్నానంలో పోగొట్టుకుని,
మళ్ళీ రాసుకుంటుందట. నవ్వాం.
ఎనిమిది వారాలు, నలుగురివీ కలిపితే
నాలుగువందల పదకొండు గంటలు.
డ్రయ్యర్ ఆగింది. ఎవరం లేవలేదు.

కాగితం నెత్తిన 'ఫిర్యాదు' అని రాశాను.
డోనా పెన్ను లాక్కుని కొట్టేసింది.
"బాకీ" అని రాయి, అంది.

మంగళవారం ఆఫీసులో ఇచ్చాం.
క్రెయిగ్ రెండుసార్లు చదివి
దీనికిది సమయం కాదన్నాడు.
సమయం గురించి ఆయన మాకు చెప్పడం!
లిస్సీ నవ్వాపుకోలేక దగ్గింది.
తేలిందేమీ లేదు. ట్రిబ్యునలంటే నెలలు పడుతుందట,
యూనియన్ ఆవిడ దాచకుండా చెప్పింది.
ఈ వారం రోటాలో నాకు రెండిళ్ళు తగ్గాయి.

ఇవాళ ఎనిడ్ గారింటికి నాలుగు నిమిషాలు ఆలస్యం.
"ఇంతసేపూ ఎక్కడున్నావమ్మాయ్?" అంది కోటులోంచి.
"దారిలో" అన్నాను.
ఎవరైనా అడగడం ఇదే మొదలు.