నీటిమట్టం

నెలకోసారి బోర్లకు టేపు వదుల్త.
భూగర్భ జలశాఖల ఔట్‌సోర్సింగు కొలువు నాది,
దేవరకొండ దిక్కు పదకొండు పరీక్ష బోర్లు.
మూత తీసుడు, టేపు దించుడు,
తడి తాకి టేపు కూతవెట్టిన కాడ
అంకె రాసుకొనుడు.
అదే పుస్తకం తిరగేసి
ఎనకట్ట దిక్కునుంచి తమ్ముని లెక్క రాస్త.

డాక్టరమ్మ రాయుమన్నది.
నల్లగొండ పెద్దాసుపత్రి, పదిహేడో నంబరు గది,
గోడకు ఎవరూ పీకని పాత పోస్టరు.
"మొదటి రెండేండ్లు బాగ చూస్కో.
ఏది వస్తున్నది, ఏది పోతున్నది,
ఏది కదలకుంట కూసున్నది."

జూన్:
మోటరు స్టార్టరు డబ్బాల నుంచి
ఎవరో పిలుస్తున్నరన్నడు.
సైదులూ, సైదులూ అని.
మా నాయిన పిలిచినట్టు కాదట,
అంతకంటే మర్యాదగ.

జులై:
పిలుపు బందయింది.
బిల్లు కొట్టే పిలగాడు
మన ముచ్చట్లు మీటరుల ఎక్కించుకపోతున్నడన్నడు.
అమ్మ మీటరుకు గోనెసంచి కట్టింది.

అక్టోబర్:
మీటరు యాదికి లేదు.
బత్తాయి తోటల కాయకాయకు
తన మీదనే గుర్తులు పెట్టిన్రన్నడు.
నేను ఒక్కో కాయ తెంపి తిప్పి చూసిన.
గుర్తులైతె ఉన్నయి.
మంగు పట్టింది తోటకు.

డిసెంబర్ల ఏమీ లేదు.
గోళీలు వేళకు మింగిండు,
డబ్బా పిలువలే, మీటరు వినలే, కాయ కాయే.
"నయమైంది" అన్నడు మా మామ.
జాన్‌పాడు సైదులుకు మొక్కి కన్న కొడుకు,
జనవరి ఉర్సుకు కందూరు చేసినం.
పన్నెండు వేలు మేకపోతు, చుట్టాలంత తిన్నరు.
వాడు ఆటో ఎనక సీట్ల కూసోని
పళ్లెం ఒళ్లె పెట్టుకున్నడు,
కూర చల్లారి నూనె గడ్డకట్టింది.

ఫిబ్రవరిల మళ్ల స్టార్టరు డబ్బా.

డాక్టరమ్మ పుస్తకం తన దిక్కు తిప్పుకున్నది.
నేను పెద్దక్షరాలతోటి రాసినయి
గబగబ దాటేసింది.
పేజీ అంచుకు, జాగ మిగిలితె
ఊకె రాసిన చిన్న ముక్కల కింద
పెన్సిలు గీత గీసుకుంట పోయింది:
తానం చెయ్యలే.
పండుకున్నడు.
అడిగితె ఊ అన్నడు.
జూన్ల అదే. జులైల అదే.
అందరం సంబరపడ్డ డిసెంబర్ల
అదే.

"ఇది ఎప్పటి సంది?"

నోట్లె తడి లేదు నాకు.
ఎందుకంటె అంతకు ముందటేడే
వాడు సెల్లు రిపేరు దుకాణం మూసిండు,
గ్రౌండుకు పోవుడు బంజేసిండు,
అన్నం మాడిందని అమ్మ మీదికి లేచేటోడు
మాడింది మాడినట్టే తిన్నడు.
మేము ఏమన్నం?
బుద్ధి ఒచ్చిందన్నం.
వాడకట్టంత మెచ్చుకున్నరు, నేను సుత.

వాన కొలిచేటోళ్లు వేరె ఉంటరు.
వాళ్ల అంకెలు రోజుకోతీరు, పేపర్ల పడతయి.
నా అంకె ఎవలూ అడుగరు.
ఎంత కొట్టినా వాన
ఆ కింది నీళ్లు తొందరపడయి,
ఎండిపోయిన సంగతీ
పై గడ్డికి చెప్పయి.

మార్చిల వాణ్ని బండి మీద తోల్కపోయిన.
రానన్నడు. మళ్ల చెప్పులేసుకున్నడు.
చింతపల్లి రోడ్డు బోరు కాడ
టేపు చుట్ట చేతికిచ్చిన.
ముప్పై మీటర్లు, ముప్పై ఐదు,
గాబరా లేకుంట వదిలిండు.
లోపల కూతవెట్టింది.
నా మొఖం దిక్కు చూసిండు.
"నీకినవడ్డదా?"
"ఇనవడ్డది."
"నలభై ఒకటి" అన్నడు, "రాస్కో."

ఏప్రిల్ల రాలేదు. మే ల రాలేదు.
రాసిన, రాలేదని, ఈసారి పెద్దక్షరాలతోటి.

ముందట్నుంచి బోర్లు, ఎనకనుంచి తమ్ముడు,
నడుమ ఇంక తొమ్మిది కాయితాలు ఉన్నయి.
ఆఫీసుల కొత్త పుస్తకం అడగాలె.